దేవుడి కుండకు చిన్న చెయ్యి

నా చిన్నప్పుడు మా నర్సీపట్నంలో వారం గడిచిందని మాకు క్యాలెండరు చూస్తే తెలిసేది కాదు, వంటింటి మూలనున్న ఒక మట్టికుండని చూస్తే తెలిసేది. సోమవారం దాని అడుగు కనిపించేది. సంత రోజు వచ్చేసరికి అడుగు మునిగేది. శుక్రవారం హాల్లో సినిమా మారేది. రిక్షాకి రెండువైపులా బొమ్మల బోర్డులు కట్టుకుని, మైకులో గొంతు చించుకుంటూ, రంగురంగుల కరపత్రాలు విసురుకుంటూ ఒకాయన మా పేటలోంచి వెళ్ళేవాడు. సినిమాకి వెళ్ళడం మా ఇళ్ళలో పాపం, కరపత్రాలు ఏరుకోవడం మాత్రం పాపం కాదు. శనివారం నాన్న సైకిలు కడిగేవాడు, అమ్మ మా తలలకి ఆముదం పట్టించేది. ఆదివారం పొద్దున్న కుండ బోర్లించేవాళ్ళం. మధ్యాహ్నం పేటంతా మాంసం కూర వాసన. మళ్ళీ సోమవారం. చిన్న ఊరు, చిన్న చిన్న వారాలు, ఇప్పుడు తలుచుకుంటే ముద్దొస్తాయి. నేను చెప్పబోయేది మాత్రం ముద్దొచ్చే సంగతి కాదు.

ఆ కుండని దేవుడి కుండ అనేవాళ్ళం. మాది మిషను చర్చి చుట్టూ పెరిగిన పేట. మా తాతల కాలంలో దొరసానులు వచ్చి పెట్టిన చర్చి, దాని వెనక ఒక రేకుల గది. పేటలో టీచర్లు, నర్సులు, బస్సు డ్రైవర్లు, బట్టలు కుట్టేవాళ్ళు, కొద్దో గొప్పో పొలాలున్నవాళ్ళు, అన్ని రకాలవాళ్ళూ ఉండేవాళ్ళు. ఏ ఇంట్లోనైనా పూటపూటా ఎసట్లో బియ్యం పోసే ముందు అందులోంచి ఒక గుప్పెడు తీసి విడిగా కుండలో వెయ్యాలి. ఆదివారం ఆ బియ్యాన్ని సంచిలో పోసి చర్చికి తెచ్చి, పాస్టరు అయ్యగారి ముందున్న వెదురు గంపలో గుమ్మరించాలి. ఉన్నవాళ్ళూ వేస్తారు, లేనివాళ్ళూ వేస్తారు. గుప్పెడు తగ్గినంత మాత్రాన ఏ ఇంట్లోనూ ఎవరూ పస్తుండరు. ఎవరు మొదలుపెట్టారో గాని చాలా మంచి ఆచారం. మంచి ఆచారాన్ని పాడుచెయ్యడానికి పెద్ద పెద్ద దుర్మార్గులేం అక్కర్లేదు, మా మామ్మలాంటి మనిషి ఒక్కతి చాలు.

మామ్మ అంటే మా నాన్నకి అమ్మ. స్త్రీల సమాజానికి ప్రెసిడెంటు. ఆదివారం గంజి పెట్టిన తెల్లచీర కట్టుకుని ముందు వరసలో కూర్చుని ఒక్క దగ్గు దగ్గిందంటే వెనక వరసల్లో గుసగుసలు ఆగిపోయేవి. నాన్న సర్కారు ఆసుపత్రిలో కాంపౌండరు. ఊళ్ళో అందరికీ మందులు పోసేవాడు గాని, వాళ్ళమ్మ ముందు నోరు పెగిలేది కాదు. మాకు నాతవరం దగ్గర పొలం ఉండేది. కోతలయ్యాక బళ్ళ మీద ధాన్యం వచ్చి వెనకింట్లో గాదె నిండేది. ఎలకలకి కూడా లోటు లేని ఇల్లు మాది.

గంపలో పడిన బియ్యం సువార్తమ్మగారికి ఇచ్చేవాళ్ళు. ఆవిడకి అసలు పేరు వేరే ఉండే ఉంటుంది, పేటలో ఎవరూ పిలవగా నేను వినలేదు. చిన్నవయసులోనే భర్త పోతే దొరసానులు చేరదీసి, చదువు చెప్పి, సువార్త పనిలో పెట్టారట. బలిఘట్టం మొదలుకుని చుట్టుపక్కల ఊళ్ళన్నీ కాలినడకన తిరిగి, ఇంటింటికీ వెళ్ళి ఆడవాళ్ళకి దేవుడి మాటలు చెప్పడం, అక్షరాలు దిద్దించడం, ఎవరైనా నొప్పులు పడుతుంటే పక్కన కూర్చోవడం ఆవిడ పని. దొరసానులు వాళ్ళ దేశం వెళ్ళిపోయాక జీతం ఆగిపోయింది. పని మాత్రం ఆవిడ ఆపలేదు. అప్పుడు సమాజం వాళ్ళు కూర్చుని, గుప్పెడు బియ్యం ఆవిడకి ఇద్దాం, చర్చి వెనక గదిలో ఉండనిద్దాం అనుకున్నారు. అంటే పేటలో ఇళ్ళన్నీ వారమంతా వేసిన గుప్పెళ్ళే ఆవిడకి వారమంతా తిండి. వేరే ఆధారం ఏదీ లేదు.

పొడుగ్గా ఉండేది. నవ్వితే ముందు పళ్ళ మధ్య సందు కనిపించేది. ఆదివారం మధ్యాహ్నం మాంసం కూరలు తిని మేం మత్తుగా ఉన్న వేళ, పిల్లలందరినీ పోగేసి, గోడకి మేకు కొట్టి బొమ్మల చుట్ట వేలాడదీసి కథలు చెప్పేది. నాకు ఆవిడంటే ప్రాణం.

నాకు ఊహ తెలిసిన కొత్తలో ఒకరోజు మామ్మ నన్ను కుండ దగ్గరికి పిలిచింది. అప్పటిదాకా ఆ గుప్పెడు అమ్మ తీసేది. అమ్మ అరచెయ్యి వెడల్పు. పైగా తీసేటప్పుడు వేళ్ళు ముడిచేది కాదు, దొప్పలా పట్టి ఎత్తేది. అది మామ్మ చాలాకాలం చూసి చూసి, ఆ రోజు ఇలా అంది.

"పిల్లల సెయ్యంటే దేవుడికి ఇష్టమే. ఇకమీద నువ్వే తియ్యాల."

నేను పొంగిపోయాను. పేటలో ఇంతమంది పిల్లలుండగా దేవుడికి నా చెయ్యి నచ్చింది. ఎలా తియ్యాలో కూడా మామ్మే నేర్పింది. బియ్యంలో చెయ్యి గుచ్చాలి, గుప్పిట పూర్తిగా మూసెయ్యాలి, అప్పుడు పైకి తియ్యాలి. మూసిన గుప్పిట్లో ఉన్నదే దేవుడికి సెల్లుతాది, వేళ్ళ సందుల్లోంచి కారింది మనింటిది అని చెప్పేది. చెప్పి ఊరుకునేది కాదు, నా మణికట్టు పట్టుకుని బియ్యం గిన్నె మీద నాలుగు దులుపులు దులిపేది. చివరికి కుండలో పడేవి పిచ్చిక తింటే మళ్ళీ ఆకలేసేటన్ని గింజలు. అవి పడ్డాక మామ్మ కళ్ళు మూసుకుని, కుండలో బియ్యం మీద చూపుడువేలితో సిలువ గీసేది. అది భక్తి అనుకునేదాన్ని. తాళం అని తర్వాత తెలిసింది.

ఎలా తెలిసిందంటే, ఒకసారి మామ్మ స్నానానికి వెళ్ళినప్పుడు అమ్మ గబగబా వచ్చి పెద్ద గుప్పెడు తీసి కుండలో వేసింది. చెరిగిపోయిన సిలువని తన వేలితో మళ్ళీ గీసింది. నన్ను చూసి నవ్వింది కూడా. మామ్మ తడిజుట్టుతోనే వచ్చి కుండలోకి తొంగి చూసింది. "ఈ సిలవ నాది కాదు" అంది. అరవలేదు, తిట్టలేదు. ఆ పూట అందరికీ వడ్డించాక, అమ్మ తినే కంచాన్ని మామ్మ బోర్లించి గోడకి ఆనించింది. నాన్న తల వంచుకుని తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, సైకిలెక్కి ఆసుపత్రికి వెళ్ళిపోయాడు. అమ్మ ఇంక ఆ కుండ ముట్టుకోలేదు.

మామ్మ తెలివి మా ఇంటితో ఆగి ఉంటే బాగుండేది. సమాజం మీటింగులో లేచి, మా ఇంట్లో దేవుడి గుప్పెడు పసిబిడ్డ చేత తీయిస్తున్నాం అని చెప్పింది. ఆడవాళ్ళు ఎంత బాగుందో అనుకున్నారు. వాళ్ళలో ఎంతమంది నిజంగా భక్తితో అనుకున్నారో, ఎంతమందికి అసలు లెక్క అక్కడే అర్థమైందో నాకు తెలియదు. వయసు వచ్చిన కొద్దీ రెండో రకమే ఎక్కువని నా అనుమానం. నాలుగు ఆదివారాలు తిరిగేసరికి ఇంటింటా చిన్నపిల్లలే. రిబ్బన్లు కట్టుకుని, బుల్లి సంచులు పట్టుకుని మేమంతా వరసగా వెళ్ళి గంపలో పోస్తుంటే చూడముచ్చటగా ఉండేది. అయ్యగారు దాని మీద ఒక ఆదివారం ప్రసంగమే చేశారు. విశాఖపట్నం నుంచి వచ్చిన ఒక అతిథి కళ్ళు తుడుచుకున్నారు. ఒక మనిషి కడుపు మాడ్చే పని అంత అందంగా ఉండడం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

గంప నిండడం మానేసింది. అయినా తంతు మాత్రం తగ్గలేదు. బియ్యం గదికి పంపించెయ్యొచ్చు కదా, మామ్మ ఒప్పుకునేది కాదు. "తీసుకున్నట్టు నలుగురూ సూడాల" అనేది. అందుకని ఆరాధన అయ్యాక సువార్తమ్మ ముందుకొచ్చి, అందరూ చూస్తుండగా కొంగు పట్టాలి, బియ్యం పోయించుకోవాలి, పెట్టిన ఇళ్ళ కోసం ప్రార్థన చెయ్యాలి. ఆవిడ ఏ మొహమాటమూ లేకుండా చేసేది. కొన్నాళ్ళకి ఆ ప్రార్థనలో ఒక కొత్త మాట చేరింది. ఈ ఇళ్ళ కష్టం తీర్చు తండ్రీ, వీళ్ళ గాదెలు నింపు తండ్రీ అనేది. గొంతు వణికేది. గాదెలు నిండుగానే ఉన్నవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకునేవాళ్ళు. ముసలితనం, మాట తడబడుతోంది అనుకున్నారు.

మనిషి చిక్కిపోవడం అందరికీ కనిపించింది. రవిక చేతులు వదులై మోచేతి దాకా జారేవి. ఒకసారి బలిఘట్టం దారిలో కల్వర్టు మీద కూర్చుని ఉంటే, లేవలేకపోతోందని నాన్న సైకిలు వెనక ఎక్కించుకుని తీసుకొచ్చాడు. ఉపవాస ప్రార్థనలు చేస్తోందట అని పేటలో చెప్పుకున్నారు. భక్తి ఎక్కువైపోనాది అని మామ్మ మూతి తిప్పింది.

ఈలోగా నేను ఎత్తు పెరిగాను, చెప్పులు పట్టడం మానేశాయి, వాటితోపాటు చెయ్యి కూడా పెరిగింది. ఒకరోజు పొద్దున్న నేను గుప్పిట మూసి పైకి తీస్తే మామ్మ ఎప్పటిలా దులపలేదు. నా వేళ్ళు విప్పి లోపల బియ్యం చూసింది. మొత్తం గిన్నెలో పోసేసింది.

"నీ సెయ్యి ఇంక దేవుడికి పనికిరాదు. ఎల్లి తమ్ముణ్ణి పిలు" అంది.

తమ్ముడికి అప్పటికి లాగు కట్టుకోవడం కూడా సరిగ్గా రాదు. వాణ్ణి పీట మీద నిలబెట్టి, వాడి మణికట్టు పట్టుకుని మామ్మ దులుపుతుంటే నేను గుమ్మంలో నిలబడి చూశాను. నేనేం పాపం చేశానో అర్థం కాలేదు. ఆలోచించగా ఆలోచించగా సినిమా కరపత్రాలు గుర్తొచ్చాయి. పరుపు కింద దాచుకున్నవన్నీ తీసుకెళ్ళి పొయ్యిలో పెట్టాను. మర్నాడు మళ్ళీ కుండ దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపాను. మామ్మ నా చెయ్యి పక్కకి తోసి తమ్ముణ్ణి పిలిచింది. చిన్నపిల్లకి దేవుడే వద్దన్నాడని చెప్పడం కన్నా దెబ్బ ఇంకేముంటుంది? ఆ బాధ నాకు ఇప్పటికీ కోపంగానే గుర్తుంది.

శనివారం మధ్యాహ్నం ఏడుపు ఆపుకోలేక సువార్తమ్మ గదికి వెళ్ళాను. దేవుడితో మాట్లాడే మనిషి ఆవిడే కదా, అడిగి చెబుతుందని. రేకుల గది నిప్పుల్లా ఉంది. మూల చిన్న పొయ్యి మీద గంజి కాగుతోంది. ఏమైందే అని దగ్గరికి తీసుకుంది. నేను అంతా చెప్పాను. నా చెయ్యి దేవుడికి ఎందుకు ఇష్టం లేకుండా పోయింది అని అడిగాను.

ఆవిడ లేచి వెళ్ళింది. చేటలో మిగిలిన బియ్యం తెచ్చి నా ముందు పెట్టింది. "మీ మామ్మ ఎలగ తియ్యమంటాదో నాకో పాలి సూపించు" అంది.

నేను బాగా చూపించాలని శ్రద్ధగా చూపించాను. చెయ్యి గుచ్చి, గుప్పిట మూసి, పైకి తీసి, మామ్మలాగే దులిపి, మిగిలింది ఆవిడ అరచేతిలో పోశాను. తమ్ముడి చెయ్యి ఇందులో సగమే అని కూడా చెప్పాను. ఆవిడ ఆ గింజల్ని చూస్తూ, అందరి ఇళ్ళలోనూ ఇలాగేనా అంది. అందరి ఇళ్ళలోనూ పిల్లలమే అన్నాను, కొంచెం గర్వంగానే. మీ గాదెలో ధాన్యం ఉందా అంది. నిండుగా ఉంది, నిచ్చెన వేసుకుని ఎక్కాలి అన్నాను.

సువార్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. భుజాలు కదులుతున్నాయి. కొంగు తీస్తే నవ్వు. అలాంటి నవ్వు ఆవిడ మొహంలో అంతకుముందు నేను చూడలేదు, పళ్ళ మధ్య సందు కూడా వేరేలా కనిపించింది.

"పేటంతా పంటలు పోనాయనుకున్నానే. మీకే కూడు లేదనుకున్నాను. మీ కోసరం రాత్రి పూట తినడం మానేసి ప్రార్థన సేస్తన్నాను" అంది.

అది విని నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇప్పుడు తెలుసు. వాళ్ళు పిల్లల చేతులు వెతికి మరీ ఆవిడ తిండి కోస్తుంటే, పాపం వీళ్ళకే లేదేమోనని ఆవిడ తన మిగతా తిండి కూడా మానేసుకుంది. అలా ఆ మనిషి రెండువైపుల నుంచీ అరిగిపోయింది.

తర్వాత నా గుప్పిట విప్పి, వేళ్ళు ఒక్కొక్కటీ చాపి చూసింది. "ఈ సెయ్యికేటైంది? ఎదగడానికే ఇచ్చినాడు దేవుడు సెయ్యి" అంది. పొయ్యి మీది గంజిలోంచి అన్నం వార్చి, ఉప్పు కలిపి, నా అరచెయ్యి నిండేలా ముద్ద పెట్టింది. రకరకాల ఇళ్ళ బియ్యం కదా, కొన్ని ముతక, కొన్ని సన్నం, కొన్ని పాతవి, కొన్ని కొత్తవి, ఏవీ కలిసి ఉడకవు. ముద్దలో సగం మెత్తటి గుజ్జు, సగం పంటికి పలుకు. అయినా తిన్నాను. ఏడిచి ఉన్నానేమో ఆకలేసింది. ఇంకో ముద్ద అన్నాను. పెట్టింది. గిన్నె అడుగున గరిట గీసిన చప్పుడు వినిపించినా నాకు అప్పుడు దాని అర్థం తెలియదు.

మర్నాడు ఆదివారం. రిబ్బన్లు, బుల్లి సంచులు, గంప, అన్నీ మామూలే. సువార్తమ్మ ముందుకొచ్చి కొంగు పట్టింది. బియ్యం పోశారు. కొంగు ముడి వేసుకుని, కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. ఆ రోజు గొంతు వణకలేదు.

"తండ్రీ, ఈళ్ళు నాకు ఏ సేత్తో పెట్టినారో, ఈళ్ళకి ఆకలేసిన్నాడు ఆ సేత్తోనే పెట్టించు. అంతకన్నా పెద్ద సెయ్యి వద్దు" అంది.

అంతే ప్రార్థన. అందరూ ఆమెన్ అన్నారు. పిల్లలం గట్టిగా అన్నాం. అయ్యగారు కూడా ఎంత చక్కటి ప్రార్థన అన్నట్టు తల ఊపి ఆమెన్ అన్నారు. అందరూ అన్నాక, ఒక్క క్షణం ఆగి, వెనక వరసలోంచి ఇంకో ఆమెన్ వినిపించింది. తిరిగి చూస్తే మా అమ్మ. ముందు వరసలో మామ్మ మెడ బిగుసుకుపోయి ఉంది. పేటలో ఆ ప్రార్థన అందరికన్నా ముందు అర్థమైంది ఆవిడకే. మిగతావాళ్ళకి ఇళ్ళకెళ్ళి కుండలు చూసుకున్నాక అర్థమై ఉంటుంది.

ఆ మధ్యాహ్నం మా ఇంట్లో మాంసం కూర ఎవరూ తినలేదు. మామ్మ నా జడ పట్టుకుని వంటింట్లోకి ఈడ్చుకెళ్ళి అట్లకాడతో కొట్టింది. అది నన్ను బాధించలేదు, కొట్టాక అన్న మాట బాధించింది. "నీ నోటి వల్లే ఆ ముసల్దాని కూడు పోద్ది, సూస్తావుండు" అంది. ఆ మాట నేను అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. పిల్లల చేతులతో దొంగతనం చేయించినవాళ్ళు పిల్లల నోటి మీద తప్పు తోస్తే ఎలా కుదురుతుంది?

కానీ కూడు మాత్రం పోయింది. సమాజం మీటింగు పెట్టారు. సువార్తమ్మ సంఘాన్ని శపించింది అన్నారు. చర్చి వెనక గది కుట్టుపని క్లాసులకి కావాలన్నారు. గుప్పెడు బియ్యం ఇకనుంచి పైకప్పు రిపేరుకి వాడదామన్నారు. ఆవిడ చేతుల మీద పురుళ్ళు పోసుకున్నవాళ్ళు, ఆవిడ దగ్గర అక్షరాలు దిద్దుకున్నవాళ్ళు ఆ మీటింగులో ఉన్నారు. ఒక్కరూ నోరెత్తలేదు. సిగ్గుపడ్డవాళ్ళకి వచ్చే కోపం మామూలు కోపం కన్నా చెడ్డది, అది ఆ పేటలో చూశాను నేను. అయ్యగారు పుస్తకంలో ఏదో వెతుక్కుంటూ ఉండిపోయారట.

ట్రంకుపెట్టె, బొమ్మల చుట్ట పట్టుకుని సువార్తమ్మ వెళ్ళిపోయింది. నేను గేటు దగ్గర నిలబడితే నా చెయ్యి పట్టుకుని ఒకసారి నొక్కి వదిలేసింది. ఏటికొప్పాకలో లక్క బొమ్మలు చేసేవాళ్ళ ఇంటి వసారాలో ఉండనిచ్చారని విన్నాం. ఆ వానాకాలంలోనే పోయిందని విన్నాం. మా చర్చిలో సంతాప కూటం పెట్టారు. అందరికన్నా ఎక్కువసేపు మాట్లాడింది మామ్మ.

ఇక్కడితో ఆపితే ఇది మామూలు కథే అయ్యేది. నాకు పెళ్ళయి, పాప పుట్టి, ఆ పాప ముద్దుముద్దుగా మాట్లాడడం మొదలుపెట్టేనాటికి మామ్మకి పక్షవాతం వచ్చింది. కుడివైపంతా పడిపోయింది. నోట్లో పెడితే మింగగలదు, తనంతట తను తినలేదు. చూడ్డానికి నేను పుట్టింటికి వెళ్ళాను. ఇంటి పెత్తనం అప్పటికి అమ్మది. మంచం శుభ్రంగా ఉంది, దుప్పటి శుభ్రంగా ఉంది, మామ్మ మాత్రం సువార్తమ్మలా అయిపోయింది. రవిక చేతులు మోచేతి దాకా జారిపోయి ఉన్నాయి.

భోజనం వేళకి అమ్మ మెత్తగా ఉడికించిన అన్నం కంచంలో పెట్టి తెచ్చింది. మంచం పక్కన కూర్చోలేదు. మా పాపని పిలిచి, పీట మీద నిలబెట్టి, కంచం దాని ముందు పెట్టింది.

"పిల్లల సెయ్యంటే దేవుడికి ఇష్టం కదత్తా" అంది, చాలా మర్యాదగా.

పాప బుల్లి వేళ్ళతో నాలుగు మెతుకులు తీసింది. రెండు దిండు మీద పడ్డాయి, రెండు మామ్మ నోట్లో పడ్డాయి. మళ్ళీ తీసింది. కాసేపటికి దానికి విసుగొచ్చింది, ఆడుకోవడానికి పరిగెత్తింది. అమ్మ కంచం తీసేసింది. "ఇయ్యేల్టికి అయిపోనాది" అంది. నేను రాకముందు పక్కింటి చంటివాణ్ణి పిలిచేదట. నాన్నకి తెలుసు. తల వంచుకుని తిని, చెయ్యి కడుక్కునేవాడు. ఆ ఇంట్లో ఆయన చేసే పని ఎప్పుడూ అదే.

మామ్మ అడగలేదు. నోరు పనిచేస్తూనే ఉంది, అడగొచ్చు. కళ్ళు మాత్రం కంచం వెంట గుమ్మం దాకా వెళ్ళి వచ్చేవి. ఆవిడకి ప్రార్థన గుర్తుందని ఆ కళ్ళు చూస్తే తెలిసేది. అబద్ధమెందుకు, చూస్తుంటే నాకు మొదట హాయిగానే అనిపించింది. జరగాల్సింది జరుగుతోంది అనుకున్నాను. సువార్తమ్మ పేరు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తకుండానే ఆవిడ మాట పూటపూటా నెగ్గుతోంది.

ఒకరోజు మధ్యాహ్నం పాప నా దగ్గరికి పరిగెత్తుకుంటూ వచ్చింది. మెతుకులు అంటిన చెయ్యి నా మొహం ముందు ఆడించింది. "అమ్మా, నా చెయ్యంటే దేవుడికి ఇష్టమంట" అంది. దాని మొహం వెలిగిపోతోంది. మామ్మ కుండ దగ్గరికి పిలిచిన నాటి నా మొహమే అది. ఇంకొన్నాళ్ళకి దీని చెయ్యి కూడా పెరుగుతుంది. అప్పుడు దీనికేం చెబుతారు?

లేచి వెళ్ళి అమ్మ చేతిలోంచి కంచం తీసుకున్నాను. మంచం మీద కూర్చుని, అన్నం కలిపి, నా చేతికి పట్టినంత ముద్ద చేసి మామ్మ నోటికి అందించాను. అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది.

"ఆ రోజు నువ్వూ ఆమెన్ అన్నావు కదే" అంది.

నేను మామ్మని క్షమించలేదు. ప్రేమతో పెట్టలేదు. నా కూతురి చేతిని ఎవరి తిండికీ కొలతగా వాడనివ్వకూడదనుకున్నాను, అంతే. మామ్మ మింగింది. దేవుడికి పనికిరాదన్న నా చేతికేసి చాలాసేపు చూసింది. తర్వాత నోరు తెరిచి, "ఇంకో ముద్ద" అంది. పెట్టాను. మామ్మ పోయేదాకా అక్కడే ఉండి పూటపూటా పెట్టాను. అమ్మ నాతో సరిగ్గా మాట్లాడడం మానేసింది. మామ్మ తన కంచం బోర్లించిన రోజు నుంచి ఆకలిగా ఎదురుచూసినదాన్ని నేను లాగేసుకున్నానని ఆవిడ బాధ. ఆవిడ తప్పు అనడానికి నాకు నోరు రాదు.

ఇప్పుడు నాకు మామ్మ వయసు వచ్చింది. గుమ్మంలోకి ఎవరైనా అడుక్కోవడానికి వస్తే మనవల్ని పిలిచి వాళ్ళ చేత గుప్పెడు బియ్యం ఇప్పించడం ఎంత ముచ్చటగా ఉంటుందో అని పక్కింటివాళ్ళు అంటారు. నేను పిలవను. నేనే లేచి వెళ్తాను, మోకాళ్ళు నొప్పెట్టినా సరే. ఈ మధ్య కుడిచెయ్యి వేళ్ళు పూర్తిగా ముడుచుకోవడం లేదు. కీళ్ళవాతం అన్నాడు డాక్టరు. ఒక నూనె రాసిచ్చి, రోజూ మర్దనా చేసుకుంటే గుప్పిట మళ్ళీ మూతపడుతుందని చెప్పాడు. మా అబ్బాయి తెచ్చి అలమారులో పెట్టాడు. ఆ సీసా మూత నేను ఇంకా తియ్యలేదు.